అమ్మకపు లెక్క - పొలం లెక్క: దిగువ కృష్ణా డెల్టాలో ఎరువుల సాఫ్ట్‌వేర్, విజ్ఞాన బదిలీ

ఎరువుల సిఫారసు పరిశోధన స్థానంలో రూపొందినా, అది అమలవుతుందా లేదా అన్నది తేలేది డీలరు దుకాణంలో లేదా సహకార సొసైటీ గిడ్డంగి వద్దనే. ఏ ఎరువు, ఎన్ని బస్తాలు అన్న నిర్ణయం అక్కడ కొద్ది నిమిషాలలో జరిగిపోతుంది. నేడు అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నది. అది ఏ అవసరానికి తయారయింది, అమ్మకందారులు దానిని వాస్తవంగా ఎలా వాడుతున్నారు అన్న అవగాహన లేకుండా, దాని ద్వారా సాగు విజ్ఞానాన్ని రైతుకు చేరవేయడం సాధ్యం కాదు.

కృష్ణా జిల్లా అనుభవం

ఎరువుల రాయితీలో ప్రత్యక్ష నగదు బదిలీ విధానాన్ని దేశంలో మొదట ప్రయోగాత్మకంగా చేపట్టిన జిల్లాలలో అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లా ఒకటి. 2016లో ఇక్కడ, పశ్చిమ గోదావరిలో ప్రయోగం మొదలైంది. 2018 మార్చి నాటికి ఈ విధానం దేశమంతటా అమలులోకి వచ్చింది. పేరులో నగదు బదిలీ అని ఉన్నా రాయితీ సొమ్ము రైతు ఖాతాలో పడదు. రైతు రాయితీ ధరకే ఎరువు కొంటాడు. పోస్ యంత్రంలో ఆ అమ్మకం నమోదైన తరువాత కంపెనీకి రాయితీ అందుతుంది. అంతకుముందు ఎరువు జిల్లాకు చేరినప్పుడే రాయితీలో అధిక భాగం విడుదలయ్యేది.

కంపెనీ సరఫరా, డీలరు నిల్వ, చిల్లర అమ్మకం, రాయితీ చెల్లింపు - వీటన్నిటినీ ఒకే గొలుసుగా కలిపేది సమీకృత ఎరువుల నిర్వహణ వ్యవస్థ. పెద్ద వ్యాపార సంస్థలలో సరుకు, అమ్మకం, ఖాతాలను ఒకే చోట చూపే సాఫ్ట్‌వేర్ వంటిదే ఇది. కృష్ణా జిల్లా ప్రయోగంలో మరొక అడుగు కూడా పడింది. భూమి రికార్డులను, నేల ఆరోగ్య పత్రాల వివరాలను జోడించి, కొనుగోలు సమయంలోనే రైతుకు ఎరువుల సిఫారసు అందించే ప్రయత్నం జరిగింది. అది సలహా మాత్రమే. అమ్మకానికి పరిమితి కాదు.

యంత్రం అడిగేది, పొలం అడిగేది

యంత్రం అడిగేవి రెండే ప్రశ్నలు: కొన్నది ఎవరు? ఎన్ని బస్తాలు? రాయితీ లెక్కకు ఇవి చాలు. పైరు ఏది, దాని వయసెంత, నేల చౌడుదా, మురుగు పోతుందా అన్న ప్రశ్నలు పొలానివి. కొనుగోలుదారును పొలంగా భావించినచోట సిఫారసు దారి తప్పుతుంది.

ఈ తేడా కౌలు రైతు విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. భూమి రికార్డులో ఉన్న పేరు కామందుది. వేలిముద్ర వేసేది కౌలుదారు. రికార్డు ఆధారంగా వెలువడే సిఫారసు అతనికి చేరదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కాలానికి సాగు పత్రం పొందే అవకాశం కల్పించింది. కాని దానికి యజమాని అంగీకారం కావాలి. ఆ పత్రం లేనిచోట, సలహా అత్యంత అవసరమైన సాగుదారే వ్యవస్థ దృష్టికి రాడు.

వ్యాపారి అవసరాలు కూడా వేరు. వానలు పడి పైపాటు ఎరువుకు రైతులు బారులు తీరిన రోజున సిఫారసు చదివి వినిపించే తీరిక అతనికి ఉండదు. సిగ్నల్ అందకపోయినా, వేలిముద్ర పడకపోయినా ముందు సరుకు ఇచ్చి తరువాత నమోదు చేయడం, కొందరి కొనుగోలును ఒకరి పేరున చూపడం వంటి సర్దుబాట్లకు అవకాశం ఉంటుంది. అసాధారణ కొనుగోళ్లను గుర్తించేందుకు ప్రతి జిల్లాలో యూరియా అధికంగా కొన్న 20 మంది జాబితాను పరిశీలించే పద్ధతి ఇందుకే ఏర్పడింది. కనుక అమ్మకపు సమాచారాన్ని పొలంలో వాడిన ఎరువుగా యథాతథంగా స్వీకరించరాదు.

హంసలదీవి చెప్పే పాఠం

కోడూరు మండలంలోని హంసలదీవి కృష్ణానది సాగరసంగమం వద్ద ఉన్నది. కాలువ నీరు చివరగా చేరే శివారు ప్రాంతమిది. ఉప్పు నీటి పాయలకు దగ్గరగా ఉన్న మడికీ, కాలువ నీరు బాగా అందే మడికీ నేల గుణంలో తేడా ఉండవచ్చు. నేల ఆరోగ్య పత్రం పథకంలో నీటి వసతి గల భూములలో 2.5 హెక్టార్లకు, అంటే సుమారు 6 ఎకరాలకు, ఒక మట్టి నమూనా ప్రమాణం. చిన్న కమతాలున్న చోట ఒకే నమూనా పలువురి పొలాలకు వర్తిస్తుంది. లవణ సాంద్రత మీటరుకు 4 డెసిసీమన్‌లు దాటిన మడికి, దాటని మడికి ఒకే సలహా సరిపోదు. మొదటిదానిలో యూరియా పెంచడం కంటే మురుగు తీయడం, మంచి నీటితో ఉప్పును కడగడం, చౌడును తట్టుకొనే రకాన్ని ఎంచుకోవడం ముఖ్యం. ఇవి బస్తాల లెక్కలో కనిపించవు.

కిలోల నుండి బస్తాలకు

సిఫారసు పోషకాల కిలోలలో ఉంటుంది. కొనుగోలు బస్తాలలో జరుగుతుంది. ఉదాహరణకు ఎకరాకు 32 కిలోల నత్రజని అవసరమనుకొందాం. 50 కిలోల డి.ఎ.పి. బస్తాతో 9 కిలోల నత్రజని అందుతుంది. మిగిలిన 23 కిలోలకు 50 కిలోల యూరియా కావాలి. 2018 నుండి యూరియా బస్తా 50 కిలోలకు బదులు 45 కిలోలు. రైతు ఒక బస్తా కొంటే 2.3 కిలోల నత్రజని తగ్గుతుంది. రెండు బస్తాలు కొని మొత్తం వేస్తే 18.4 కిలోలు ఎక్కువవుతుంది. ఎకరాకు ఒక బస్తా చాలునన్న మాట దుకాణంలో చెప్పగలిగితే చాలు, ఈ అదనపు ఖర్చు, దానితో పెరిగే దోమపోటు, పైరు పడిపోయే ప్రమాదం తగ్గుతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి

మొదటిది, రద్దీ సమయంలో కొన్ని రోజులు అమ్మకపు కౌంటరు వద్ద గడిపి, యంత్రం వాడకాన్ని, దానితోపాటు సాగే చేతిరాత పుస్తకాన్ని పరిశీలించాలి. ఆ పుస్తకంలో రాసుకొనే వివరాలే సాఫ్ట్‌వేర్‌లో ఏ గడి లోపించిందో తెలుపుతాయి. రెండవది, సిఫారసులను పైరు దశల వారీగా, ఎకరాకు బస్తాలలో మార్చి, చౌడు నేలకు, మంచి నేలకు వేరువేరుగా కౌంటరు వద్ద ప్రదర్శించాలి. మూడవది, కౌలుదారుకు భూమి రికార్డుతో ముడిపెట్టకుండా, పొలం వివరాలు అడిగి సలహా ఇవ్వాలి. నాల్గవది, హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో డీలర్ల కోసం ప్రారంభించిన ఏడాది డిప్లొమా ‘దేశీ’ వంటి శిక్షణలలో యంత్రం వాడకాన్ని, సిఫారసు వివరణను ఒకే పాఠంగా బోధించాలి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం, మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం ఈ ప్రాంతానికి చేరువలోనే ఉన్నాయి.

2022 జూన్‌లో కేంద్రం ఆమోదించిన పథకం ప్రకారం దేశంలోని 63,000 ప్రాథమిక పరపతి సంఘాలు ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పరిధిలోకి వస్తున్నాయి. అప్పు, నిల్వ, అమ్మకం ఒకే తెరపై కనిపించే ఈ దశలో, పొలానికి కూడా అందులో స్థానం కల్పించడం అవసరం. ఎరువు కొన్న వ్యక్తి పేరుతోపాటు అది చేరే మడి, పైరు నమోదైనప్పుడే అమ్మకపు లెక్క సాగు విజ్ఞానానికి ఉపకరిస్తుంది.