‘ఐ లవ్ యూ’లో ‘ఇంగ్’ ఎందుకు లేదు?

‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’... తెలుగు సినిమా హీరోలు ఈ మాట ఎన్ని వేలసార్లు చెప్పుంటారో! అదే ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘ఐ లవ్ యూ’ అయిపోతుంది. ‘ఐయామ్ లవింగ్ యూ’ అని ఎవరూ అనరు. గ్రామర్ పుస్తకం ముఖం చూడని కుర్రాడు కూడా అక్కడ తప్పు చేయడు.

అదే కుర్రాడు ఇంటర్వ్యూలో కూర్చుంటే మాత్రం ‘ఐయామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐయామ్ థింకింగ్ దిస్ జాబ్ ఈజ్ గుడ్’ అంటూ ‘ఇంగ్’ల వాన కురిపిస్తాడు. చదువుకీ తెలివికీ లోటుండదు. కానీ ఎదుటివాళ్ల చెవికి ముందు తగిలేది ఆ ‘ఇంగే’.

చిక్కంతా మన ‘తున్నా’తో వచ్చింది. అనుకుంటున్నాను, నమ్ముతున్నాను, ప్రేమిస్తున్నాను... వీటన్నిటినీ తెలుగులో జరుగుతున్న పనుల్లాగే చెబుతాం. ఇంగ్లిష్‌వాళ్ల లెక్క వేరు. తినడం, రాయడం, నడవడం పనులు. అవి సగంలో ఉండగా ‘ఇంగ్’ చేర్చొచ్చు. నమ్మడం, తెలియడం, సొంతంగా ఏదైనా ఉండటం స్థితులు. వాటికి మామూలుగా ‘ఐ బిలీవ్’, ‘ఐ నో’, ‘ఐ హ్యావ్’ చాలు. ఆ మాటకొస్తే తెలుసు, కావాలి, ఇష్టం లాంటి వాటికి మనమూ ‘తున్నా’ తగిలించం. ‘ఐయామ్ నోయింగ్’ అనేవాళ్లు ఇంగ్లిష్‌తోపాటు తెలుగునీ మరిచిపోయినట్టే!

అలాగని మాటల్ని రెండు గంపల్లో వేసి బట్టీపడితే కుదరదు. అన్నం తింటుండగా ఫోనొస్తే ‘ఐయామ్ హ్యావింగ్ లంచ్’ అనే చెప్పాలి. అక్కడ ‘హ్యావ్’ అంటే తినడం. ‘ఐ థింక్’ అభిప్రాయం, ‘ఐయామ్ థింకింగ్’ అంటే ఇంకా ఆలోచనలోనే ఉన్నట్టు. ‘ఐ లివ్ ఇన్ విజయవాడ’ అంటే ఉండేదే అక్కడ. ‘ఐయామ్ లివింగ్’ అంటే ప్రస్తుతానికి అక్కడ అని అర్థం చేసుకునే అవకాశముంది. ‘హి ఈజ్ రూడ్’ అంటే మనిషి తీరే దురుసు. ‘హి ఈజ్ బీయింగ్ రూడ్’ అంటే ఈ పూటకి అలా ఉన్నాడంతే. ఒక్క ‘బీయింగ్’ ఎంత పరువు కాపాడిందో చూడండి.

మరి మెక్‌డొనాల్డ్స్ వాళ్ల ‘ఐయామ్ లవిన్ ఇట్’ మాటేమిటని పిల్లలు అడగొచ్చు. అది తెలిసి చేసిన చిలిపితనం. ‘నాకు బర్గర్ ఇష్టం’ అనడం కాదు, ఇప్పుడు తింటూ తింటూ ఆనందిస్తున్నానని చెప్పడం. 2003లో ఈ ప్రచారం మొదలైంది జర్మనీలో. ప్రామాణిక జర్మన్‌లో ‘ఇంగ్’ లాంటి క్రియారూపం లేదు. అందుకే అక్కడ ‘ఇష్ లీబె ఎస్’ అన్నారు. అంటే ఉత్త ‘ఐ లవ్ ఇట్’!