రెండు కళ్లకూ ఒకే రోజున శుక్లాల ఆపరేషన్ మంచిదేనా?

తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి

మన పల్లెల్లో అరవై దాటిన పెద్దలున్న ఏ ఇంట చూసినా "శుక్లాలు" అనే మాట వినపడుతూనే ఉంటుంది. ఆపరేషనంటే ఒకప్పుడున్న భయం ఇప్పుడు చాలావరకు పోయింది. దాని స్థానంలో ఇంకొక ప్రశ్న వచ్చింది: రెండు కళ్లూ ఒకే రోజున చేయించుకుంటే పోలా? దీనికి జవాబు చెప్పాలంటే జంతుశాస్త్రం కొంత, లెక్కలు కొంత, వ్యవసాయం కొంత కావాలి. రైతుబిడ్డగా, సైన్సు విద్యార్థిగా నాకు తెలిసినంతలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందు శుక్లమంటే ఏమిటో చూద్దాం. మన కంటిపాప వెనుక ఒక కటకం ఉంటుంది. వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు. లాటిన్ భాషలో 'లెన్స్' అంటే మసూరుపప్పు. ఆకారాన్ని బట్టి వచ్చిన పేరది. అందులోని ప్రోటీనులు క్రమంగా అమరి ఉన్నంతకాలం వెలుతురు అడ్డు లేకుండా పోతుంది. వయసు పైబడిన కొద్దీ అవి ముద్దకట్టి కటకం మసకబారుతుంది. కోడిగుడ్డు సొన ఉడికితే తెల్లబడటం లాంటిదే ఇదీ. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్లే, ఈ కటకం ఏ చుక్కల మందుతోనూ తేటపడదు. దాన్ని తీసి కృత్రిమ కటకం పెట్టవలసిందే. అలా మొదటిసారి 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ పెట్టారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అతిధ్వని తరంగాలతో కటకాన్ని నలగగొట్టి, సన్నని గొట్టంతో పీల్చే పద్ధతి కనిపెట్టారు. దాంతో ఇప్పుడు రెండు, మూడు మిల్లీమీటర్ల కోత చాలు. సాధారణంగా కుట్టు కూడా అక్కర్లేదు.

ఇంత తేలికైనప్పుడు రెండుసార్లు తిరగడమెందుకు? మా నాయనమ్మ అడిగింది కూడా ఇదే. ఆవిడకు కుడికన్ను అయిన తరువాత ఎడమకన్నుకు కొన్ని వారాలు ఆగమన్నారు. అవి వరినాట్ల రోజులు. ఒకసారి నాన్న, ఒకసారి అమ్మ పని మానుకొని పట్నం వెళ్లవలసి వచ్చింది. ఈలోగా ఒక కన్ను తేటగా, ఒక కన్ను మసకగా ఉండి, గడప ఎత్తు తెలియక ఆవిడ రెండుసార్లు తూలింది. "డాక్టరుబాబూ, రెండూ ఒక్కసారే కానిచ్చెయ్యరాదా?" అంటే ఆయన నవ్వి, "మామ్మగారూ, దేవుడు మూడో కన్ను ఇవ్వలేదు కదా!" అన్నారట.

ఆ మాట వెనుక ఉన్న భయం ఆపరేషను తరువాత కంటి లోపల చీము పట్టడం గురించి. ఇది చాలా అరుదు. కాని వస్తే చూపే పోవచ్చు. ఇక్కడే లెక్కల అవసరం వస్తుంది. మాటవరసకు వెయ్యి కళ్లలో ఒకదానికి అలా జరుగుతుందనుకుందాం. ఒక మనిషికి రెండు కళ్లూ చెడే అవకాశం వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షల్లో ఒకటి. భయపడవలసిందేముంది అనిపిస్తుంది. అయితే ఇంటర్మీడియట్‌లో చదివిన షరతు ఒకటుంది: రెండు ఘటనలూ స్వతంత్రంగా ఉంటేనే అలా గుణించాలి. ఒకే బస్తా విత్తనం రెండు చేలలో చల్లితే, ఆ విత్తనం పుచ్చినదైతే రెండు చేలూ పోతాయి. అలాగే ఒకే పనిముట్లు, ఒకే సీసాలోని ద్రవం రెండు కళ్లకూ వాడితే, అందులో దోషముంటే రెండూ చెడతాయి. అప్పుడు మన లెక్క చెల్లదు.

కనుక ఒకే రోజున చేసే వైద్యులు రెండు కళ్లనూ ఇద్దరు వేర్వేరు రోగులుగా చూడాలన్నది నియమం. మొదటి కన్ను పూర్తికాగానే చేతి తొడుగులు, గుడ్డలు, పనిముట్లు అన్నీ మార్చాలి. ద్రవాలు, మందులు వీలైనంతవరకు వేరే బ్యాచివి వాడాలి. చివరలో కంటి లోపలికే యాంటీబయోటిక్ ఎక్కించాలి. మొదటి కంట్లో ఏ చిన్న చిక్కు వచ్చినా రెండవదాన్ని ఆ రోజుకు మానెయ్యాలి. కనురెప్పల వాపు, ఇన్‌ఫెక్షను ఉన్నవారికీ, వేరే కంటిజబ్బులతో చిక్కులు రావచ్చునన్న అనుమానం ఉన్నవారికీ విడివిడిగా చేయడమే క్షేమం. ఇంకొక సంగతి కూడా ఉంది. మొదటి కన్ను మానిన తరువాత చూపు అనుకున్నట్లు రాకపోతే, రెండవ కటకం పవరు సరిచూసుకోవచ్చు. ఒకే రోజున చేస్తే ఆ అవకాశం ఉండదు.

ఫిన్లాండు వంటి దేశాల్లో రెండూ ఒకే రోజున చేయడం ఏళ్ల తరబడి ఉంది. నెదర్లాండ్స్‌లో 10 ఆసుపత్రుల్లో 865 మందిపై చేసిన పరిశోధన 2023లో వెలువడింది. ఒకే రోజున చేసినవారికీ, విడిగా చేసినవారికీ రెండవ కంటి ఫలితం ఇంచుమించు సమానంగానే వచ్చింది, ఖర్చు కూడా తగ్గింది. అయితే వాళ్లు ఎంచుకున్నవి చిక్కులు తక్కువగా ఉండే కళ్లు. పైగా వేలల్లో ఒకరికి వచ్చే ప్రమాదాన్ని 865 మందిలో తేల్చలేం.

మిత్రులారా, పెద్దవాళ్ల వెంట ఆసుపత్రికి వెళ్లేది సాధారణంగా మనమే. ఎవరైనా "రెండూ ఒకే రోజు" అంటే సంతోషించే ముందు మూడు సంగతులు అడుగుదాం. రెండవ కన్నుకు పనిముట్లన్నీ మారుస్తారా? ద్రవాలు వేరేవి వాడతారా? మొదటిదాంట్లో చిక్కొస్తే ఆగుతారా? మూడింటికీ అవునని జవాబొస్తేనే ముందుకు వెళదాం. లేదంటే ఇంకొకసారి బస్సెక్కడమే మేలు. నాట్లు నాలుగు రోజులు ఆలస్యమైనా పైరు పండుతుంది.