కొత్త జవాన్ల పళ్లకు ఎంతమంది డాక్టర్లు కావాలి?

సైన్యంలో కొత్తగా చేరినవారికి ఎందరు దంతవైద్యులు కావాలన్నది తలలు లెక్కపెడితే తేలదు, నోళ్లు తెరిపించి చూస్తేనే తేలుతుంది. పదేళ్ల సర్వీసున్న జవాను పళ్లను ఎప్పటికప్పుడు చూస్తూనే ఉంటారు. కొత్త కుర్రాడు మాత్రం చిన్నప్పటి నుంచి పేరుకున్న బాకీ అంతా నోట్లో పెట్టుకుని వస్తాడు.

వనపర్తి జిల్లా ఆత్మకూరు నుంచి ఆర్మీకి వెళ్లాలనుకునే యువకుడు సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తాడు. రాతపరీక్ష, పరుగు దాటాక వైద్యపరీక్షలో పళ్లకు పాయింట్లు వేస్తారు. పైపన్నుకు ఎదురుగా కిందిపన్ను ఉంటేనే లెక్క. ముందుపళ్లు, కోరపళ్లు, చిన్న దవడపళ్ల జతకు ఒక్కో పాయింటు. పెద్ద దవడపళ్ల జతకు రెండేసి. 32 పళ్లూ ఉంటే 22 పాయింట్లు, కనీసం 14 ఉండాలి. ఆరేళ్లప్పుడు వచ్చే మొదటి పెద్ద దవడపన్నును పాలపన్ను అనుకుని చాలా ఇళ్లలో వదిలేస్తారు. అది పుచ్చి ఊడిపోతే మళ్లీ రాదు, రెండు పాయింట్లు పోయినట్టే.

14 వచ్చినంత మాత్రాన నోరు బాగున్నట్టు కాదు. బాగుచేయడానికి వీలున్న పుచ్చుపన్ను కూడా లెక్కలోకి వస్తుంది. ఆ బాగుచేసే పని శిక్షణ కేంద్రం మీద పడుతుంది. పైగా జ్ఞానదంతం మొలిచి చిగురు వాచే వయసు కూడా సరిగ్గా అదే.

ఇక్కడే సిబ్బంది లెక్క మొదలవుతుంది. ఉదాహరణకు ఒక బ్యాచ్‌లో 1,000 మంది వచ్చారనుకుందాం. అందులో 400 మందికి వైద్యం కావాలి, ఒక్కొక్కరికి సగటున 3 గంటలు పడుతుంది. మొత్తం 1,200 గంటలు. రికార్డులు, తనిఖీలు పోగా ఒక డాక్టరు రోజుకు 5 గంటలు కుర్చీ దగ్గర పనిచేస్తే, నెలకు 24 రోజులకు 120 గంటలు. ఆరు నెలల్లో ముగిస్తే చాలనుకుంటే ఇద్దరు సరిపోతారు. ఫైరింగు, బయటి క్యాంపులు మొదలయ్యేలోగా, రెండు నెలల్లోనే ముగించాలంటే ఐదుగురు కావాలి. పని అదే, గడువు మారితే మనుషుల సంఖ్య మారిపోతుంది. ఏడాది సగటు చూసి పోస్టులు వేస్తే బ్యాచ్ దిగిన వారం వరుస పెరుగుతుంది, తర్వాత కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అందుకే బ్యాచ్ వచ్చే వేళకు పక్క కేంద్రాల నుంచి డాక్టర్లను రప్పించడం, పళ్లు శుభ్రం చేసే పనిని హైజీనిస్టులకు అప్పగించడం మేలు. నొప్పి వచ్చే ప్రమాదమున్నవారిని మొదటి రోజు పరీక్షలోనే వేరుచేసి ముందు చూడాలి.

మన సైన్యంలో ఈ బాధ్యత ఆర్మీ డెంటల్ కోర్‌ది. అది 1941 ఫిబ్రవరి 1న ఏర్పడింది. హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ లాంటి చోట్ల ప్రతి కొత్త బ్యాచ్‌తో ఈ అవసరం మళ్లీ మొదటికొస్తుంది.

ఆ భారంలో కొంత ఊళ్లోనే తగ్గించవచ్చు. ఆర్మీ భర్తీ ర్యాలీకి పరుగు సాధన చేస్తున్న ఆత్మకూరు యువకులు ఆరు నెలల ముందే ఒకసారి పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి. నింపించుకుంటే నిలిచే పన్నును నొప్పి భరించలేక పీకించేసుకోవద్దు.