నగరం పెరిగితే కాలువ నీరు మారుతుంది: కృష్ణా డెల్టా రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

కృష్ణా తూర్పు డెల్టాలో సాగుకు ప్రాణాధారం ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలువ నీరు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. జనాభా లెక్కల ప్రకారం విజయవాడ జనాభా 1951లో 1.61 లక్షలు, 2001లో 8.51 లక్షలు. 2011 నాటికి 10 లక్షలు దాటింది. అరవై ఏళ్లలో జనం ఆరు రెట్లకు పైగా పెరిగారు, కాలువలు మాత్రం పాతవే. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఈ నగరాన్ని దాటుకునే మన పొలాలకు వస్తాయి.

జనం పెరిగితే నీటికి ఏమవుతుంది?

నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం. అందులో దాదాపు 80 శాతం మురుగుగా బయటికి వస్తుంది. ఆ లెక్కన 10 లక్షల మందికి రోజుకు 10.8 కోట్ల లీటర్ల మురుగు. ఇది వెయ్యి ఎకరాలకు అంగుళం తడి ఇవ్వగలిగినంత నీరు. శుద్ధి కేంద్రానికి చేరని మురుగు డ్రెయిన్ల ద్వారా చివరికి కాలువల్లోకో, నేలలోకో చేరుతుంది. అసలు చిక్కు జనం పెరగడం ఒక్కటే కాదు, ఆ వేగానికి తగ్గట్టు మురుగు శుద్ధి పెరగకపోవడం.

దీనివల్ల పొలంలో కనిపించే మార్పులు ఇవి:

• మురుగులోని నత్రజని, భాస్వరం తిని గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతుంది. ప్రవాహం మందగించి శివారు పొలాలకు నీరు ఆలస్యంగా అందుతుంది.
• నీటిలో లవణాలు పెరిగితే నేల క్రమంగా చౌడుబారుతుంది.
• పటమట ఆటోనగర్ లాంటి వాహన మరమ్మతుల ప్రాంతాల్లో వాడేసిన ఆయిలు, బ్యాటరీ వ్యర్థాలను జాగ్రత్తగా పారవేయకపోతే సీసం లాంటి లోహాలు నీటిలో కలిసే ప్రమాదం ఉంది. ఇవి నేలలో కుళ్లిపోవు, పేరుకుపోతాయి.
• పటమట, కానూరు, పోరంకి వైపు పొలాలు కాలనీలుగా మారాయి. నీరు ఇంకే నేల తగ్గితే వాన నీరంతా ఒక్కసారిగా డ్రెయిన్ల మీద పడుతుంది.

వరి రైతులు యూరియా తగ్గించాలి

మురుగు కలిసిన నీరు పారితే పైరు నల్లగా, ఏపుగా పెరుగుతుంది. అది చూసి మురిసిపోవద్దు. నత్రజని ఎక్కువైతే దోమపోటు, అగ్గితెగులు ఉధృతమవుతాయి, చేను పడిపోతుంది.

ఒక లెక్క చూడండి. లీటరు నీటిలో 10 మి.గ్రా. నత్రజని ఉంటే, ఎకరాకు అంగుళం తడి (సుమారు లక్ష లీటర్లు) పెట్టినప్పుడు కిలో నత్రజని చేరుతుంది. అలాంటి ఐదు అంగుళాల నీటితో చేరేది సుమారు 11 కిలోల యూరియాకు సమానం. కాబట్టి నీటి పరీక్ష చేయించి, ఆకు రంగు పట్టికతో పోల్చి చూశాకే పైపాటు యూరియా వేయండి. నాట్లలో ప్రతి 2 మీటర్లకు 20 సెం.మీ. కాలిబాటలు వదలండి.

కూరగాయలు, ఆకుకూరలు సాగు చేసేవారికి

• పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన, కీర, ముల్లంగికి మురుగు నీరు పెట్టవద్దు. మీరు పండించిన కట్ట పటమట రైతుబజారుకో, మరో బజారుకో వెళ్తుంది. నగరం వదిలిన క్రిములు మళ్లీ నగరం పళ్లెంలోకే, మీ ఇంటి పళ్లెంలోకీ వస్తాయి.
• తప్పనిసరైతే నీటిని గుంటలో కొన్ని రోజులు నిలవ ఉంచి, పైతేట నీటినే వాడండి. మొక్కపై చల్లకుండా మొదళ్లకు పారించండి. కోతకు వీలైనన్ని రోజుల ముందే తడి ఆపండి.
• కోసిన కూరను కాలువలో కడగవద్దు, మంచినీటితో కడగండి.
• పొలంలో దిగేటప్పుడు బూట్లు వేసుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు, కాళ్లు కడుక్కోండి.

నీటి నమూనా ఇలా తీయండి

శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలచండి. పారే నీటి మధ్యలో, ఉపరితలానికి కాస్త కింద నింపి మూత బిగించండి. బోరు అయితే మోటారు పది, పదిహేను నిమిషాలు నడిపాకే పట్టండి. తేదీ, స్థలం, పైరు పేరు రాసి అదే రోజు ప్రయోగశాలకు పంపండి. సాగునీటి ఉదజని సూచిక 6.0–8.5 మధ్య ఉండాలి, లవణ సూచిక 2,250 మైక్రోమోస్ దాటకూడదు. కాలువ వదిలిన కొత్తలో ఒకసారి, ప్రవాహం తగ్గాక ఒకసారి పరీక్షిస్తే తేడా తెలుస్తుంది.

మన వంతు

పురుగుమందు డబ్బాలను కాలువలో కడగకండి, పారేయకండి. గుర్రపుడెక్కను పూతకు ముందే తీసి, ఆరబెట్టి, పేడతో కలిపి కంపోస్టు చేయండి. అయితే ఆయిలు, పారిశ్రామిక వ్యర్థాలు కలిసే చోట పెరిగిన డెక్కను ఇందుకు వాడవద్దు. మురుగు కలిసే చోటును ఫొటో తీసి, పరీక్ష ఫలితంతో కలిపి, ఒక్కరుగా కాకుండా ఆయకట్టు రైతులంతా సంతకాలు చేసి జలవనరుల శాఖకు, నగరపాలక సంస్థకు ఇవ్వండి. చేతిలో అంకె ఉంటే అర్జీకి బలం ఉంటుంది.

సలహాల కోసం మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని, ఘంటసాల లేదా గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు: 1800-180-1551.