నార్మన్ మట్టికోటలు, వాని పేర్లు

1066లో నార్మండీ ప్రభువగు విలియము ఆంగ్లదేశమును జయించిన పిమ్మట, అచ్చట వందలకొలది మట్టికోటలు వెలసినవి. వాని నిర్మాణము సులభము. గుండ్రముగా అగడ్త త్రవ్వి, అందుండి తీసిన మన్నును నడుమ పోసి, పొరలు పొరలుగా దిమ్మిసకొట్టి, ఎత్తైన దిబ్బను లేపెడివారు. దానిపై కఱ్ఱబురుజును, చుట్టును గుంజల దడిని నిలిపెడివారు. ప్రక్కనే మఱియొక అగడ్తయు, మట్టికట్టయు గల ఆవరణ ముండెడిది. సభాశాల, వంటయిల్లు, గుఱ్ఱపుసాల అందులోనివి. రాతిపని లేదు గనుక ఏండ్లకాలము పట్టదు. పారలును, వెట్టికి పట్టిన జనమును చాలును. హేస్టింగ్సులో ఇట్టి దిబ్బను పోయుచున్న దృశ్యము బాయూ నగరమునందలి కుట్టుపని పటములో నేటికిని కానవచ్చును.

ఈ కోట ఎవరిని కాపాడినది? 1068లో లింకన్ నగరమున కోట వెలసినది. దానికై 166 ఇండ్లు నాశనమైనట్లు 1086 నాటి డోమ్స్‌డే లెక్కలలో కలదు. అది నగరమును కాచుటకు గాక, నగరముపై కన్నువేసి యుండుటకు కట్టినది.

దానిని తెలుపు 'కాజిల్' అను మాటయు, ఈ అర్థమున, ఫ్రెంచివారితో వచ్చినదే. విలియము 1087లో మరణించెను. ఆంగ్లో-సాక్సన్ వృత్తాంతమున అతనిని గూర్చిన ఆంగ్లపద్యము కోటలు కట్టించుటతోను, పేదలను పీడించుటతోను ఆరంభమగును. ఓడిన భాష గెలిచినవాని మాటను గ్రహించి, దానితోనే అతనిని నిలదీసినది.

పిదప మాటలు తలక్రిందులైనవి. దిబ్బకు పాత ఫ్రెంచిలో 'మోత్' అని పేరు. అదియే ఆంగ్లమున 'మోట్' అయి, అగడ్తను తెలుపుచున్నది. ప్రభువుండు ఉన్నతమైన బురుజు 'దొంజోన్'. దానినుండి పుట్టిన 'డంజన్' నేలక్రింది చీకటికొట్టు. మధ్యయుగ రచనను తెనిగించువారు నేటి అర్థమునే గ్రహించినచో, శిఖరమునందలి ప్రభువు చెఱసాలలో పడును.

తెలుగున 'మట్టికోట' అను చక్కని మాట కలదు. ఐనను ఓరుగల్లు మట్టికోట తన నగరమును చుట్టి కాచినది. లింకన్ దిబ్బ పరుల నగరమును అణచినది. రెంటికిని మన్నొక్కటే. అనువాదకుడు మన్నును మాత్రమే తెనిగించి ఊరకుండరాదు. ఆ దిబ్బ నీడ ఎవరి యిండ్లపై పడినదో, అదియు వాక్యమున తెలియవలెను.