సాంచెల చప్పుడులో బ్యోంకేశ్ బక్షీ

1993లో మేము భివండీ పద్మనగర్‌లో ఒక చాల్‌లో ఉండేవాళ్ళం. ఒకటే గది. గోడకవతల ఎనిమిది సాంచెలు పగలూ రాత్రీ ఆడుతూ ఉండేవి. అందువల్ల మా ఇంట్లో మాటలు సగం నోటితో, సగం చేతులతో నడిచేవి. నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర అయింది. మొదటి బోనసు డబ్బులతో ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాను. దూరదర్శన్ వారు ‘బ్యోంకేశ్ బక్షీ’ ధారావాహిక మొదలుపెట్టింది ఆ సంవత్సరమే.

మా నాయన దాన్ని చూస్తాడని నేననుకోలేదు. ఆయనకు వచ్చిన హిందీ సేటుతో కూలి లెక్క చూసుకోవడానికి సరిపోయేది, అంతే. కానీ ఆయనకొక వ్యసనం ఉండేది: తెలుగు డిటెక్టివ్ నవలలు. కరీంనగర్ నుంచి చుట్టాలెవరొచ్చినా బస్టాండు కొట్లో రెండు పుస్తకాలు కొనుక్కు రావాల్సిందే. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని సహాయకుడు రాజు మా ఇంట్లో మేనమామల్లాగా పరిచయం. కండెలు చుట్టేటప్పుడు నేను చదివి వినిపిస్తే నాయన హంతకుడెవరో పందెం కాసేవాడు. ఎక్కువ సార్లు గెలిచేవాడు కూడా!

అందుకని “ఇది బెంగాలీల యుగంధర్ కథ” అని చెప్పి కూర్చోబెట్టాను.

‘పథేర్ కాంటా’ అనే కథ వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం. (ఇంకా చూడనివాళ్ళు, చదవనివాళ్ళు ఈ రెండు పేరాలూ దాటేయండి.) కలకత్తా వీధుల్లో మనుషులు నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పడిపోయి చనిపోతుంటారు. ఒంట్లో గ్రామఫోన్ సూది దొరుకుతుంది. తుపాకీ మోత ఎవరూ వినరు. అసలు ఆయుధం సైకిల్ గంటలో దాగి ఉంటుంది. పుస్తకంలో ఈ రహస్యాన్ని దాచడం తేలిక. వీధి రద్దీ వర్ణిస్తూ మధ్యలో సైకిల్ గంట మోగిందని ఒక్క మాట అని రచయిత ముందుకు పోవచ్చు. చదివేవాడు ఆగడు. తెరమీద అలా కుదరదు. సైకిలు కనబడాలి, గంట వినబడాలి, అయినా చూసేవాడికి అనుమానం రాకూడదు. నవలను నాటకంగా మార్చేవాళ్ళకు అసలు పరీక్ష ఇలాంటి చోటే వస్తుంది.

మాకు ఆ గంట వినబడనే లేదు. సాంచెల చప్పుడులో టీవీ గొంతు ఎంత పెంచినా అంతే. కానీ నాయన జీవితమంతా సాంచెల మధ్య పెదవులు చూసి మాట పట్టిన మనిషి. “గా సైకిలోడే బిడ్డా. వాని చెయ్యి యాడున్నదో సూడు” అన్నాడు. చివర్న బ్యోంకేశ్ చెప్పేదాకా నేను నమ్మలేదు.

ఈ కథల రచయిత శరదిందు బందోపాధ్యాయ్ సంగతి మన మహారాష్ట్ర తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. ఆయన 1899లో జౌన్‌పూర్‌లో పుట్టారు. 1932లో బ్యోంకేశ్‌ను సృష్టించారు. 1936 దాకా రాసి ఆపేశారు. 1938లో హిమాంశు రాయ్ గారి బొంబాయి టాకీస్‌లో సినిమా కథలు రాయడానికి వచ్చారు. ఆ స్టూడియో మలాడ్‌లో ఉండేది, మనకు ఎంతో దూరం కాదు. పదిహేనేళ్ళ విరామం తర్వాత 1951లో బ్యోంకేశ్‌ను మళ్ళీ పట్టుకున్నారు. ఆ మరుసటి ఏడు సినిమాలు వదిలి పూనాలో స్థిరపడి, 1970లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నారు. మొత్తం 32 కథలు పూర్తయ్యాయి, ‘విశుపాల్ వధ’ సగంలో ఆగిపోయింది. అంటే ఆ కలకత్తా గల్లీలు, ఆ ట్రాములు, ఆ హారిసన్ రోడ్డు మేడ చాలా భాగం సొంత ఊరికి వెయ్యి మైళ్ళ దూరంలో, మరాఠీ మాటల మధ్య కూర్చుని జ్ఞాపకం మీద రాసినవి. ఊరు వదిలి వచ్చిన మనకిది తెలియని పని కాదు.

ధారావాహిక తీసిన బాసూ చటర్జీ గారు ‘రజనీగంధ’, ‘ఛోటీ సీ బాత్’ వంటి మధ్యతరగతి సినిమాలతో అందరికీ తెలిసినవారు. 1985లో దూరదర్శన్ కోసం ‘రజనీ’ తీశారు. బ్యోంకేశ్‌గా రజిత్ కపూర్, స్నేహితుడు అజిత్‌గా కె.కె. రైనా, భార్య సత్యవతిగా సుకన్యా కులకర్ణి నటించారు. 1993లో ఒక విడత, 1997లో మరొక విడత, కలిపి 34 భాగాలు. పెద్ద కథలకు ఒకటికి మించిన భాగాలు పట్టాయి.

పాత కాలం కథ అనగానే మనవాళ్ళకు కోటలు, గుర్రాలు గుర్తొస్తాయి. ఇందులో అవేమీ లేవు. ధోవతి, లాల్చీ, టీ కప్పు, మడత పెట్టిన వార్తాపత్రిక, ఒక గది. ఆ కాలమంతా మనుషుల నడతలో ఉంది. తొందరపడి మాట్లాడేవాడు లేడు. ఇంటికొచ్చిన అపరిచితుడికి ముందు కుర్చీ, తర్వాత టీ, ఆ తర్వాతే “ఏం పని మీద వచ్చారు?” మొదటి కథ ‘సత్యాన్వేషి’ అంతా ఒక మెస్‌లో జరుగుతుంది. పల్లెల నుంచి వచ్చిన ఒంటరి మగవాళ్ళు అద్దెకుండే చోటు. నాయన చూస్తూ “ఇది మన బిస్సీ లెక్కనే ఉన్నది” అన్నాడు. ఆయన భివండీ వచ్చిన కొత్తలో పదిమందితో ఒక గదిలో పడుకుని, బిస్సీలో తిన్నవాడు. మెస్‌లో కొత్తగా చేరిన మనిషిని పాతవాళ్ళు ఎలా చూస్తారో ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పుస్తకంలో కథ చెప్పేది అజిత్. మనం అతని కళ్ళతో చూస్తాం, అతను మోసపోతే మనమూ మోసపోతాం. కెమెరాకు అటువంటి అమాయకత్వం ఉండదు. బాసూ గారు అజిత్‌ను పక్కన కూర్చోబెట్టి, మన సందేహాలు అతని నోట అడిగించారు. దాంతో బ్యోంకేశ్ గొప్పవాడుగా కన్నా ఇంటి మనిషిగా కనిపించాడు. పెళ్ళి చేసుకుంటాడు, భార్యతో వాదిస్తాడు, వయసు మళ్ళుతాడు. షెర్లాక్ హోమ్స్‌కు ఈ భాగ్యం లేదు. 1984 నుంచి పదేళ్ళు జెరెమీ బ్రెట్ ఎంత అద్భుతంగా నటించినా హోమ్స్ బ్రహ్మచారిగానే మిగిలాడు. అగాథా క్రిస్టీ పాయిరో కథలు యాభై ఏళ్ళకు పైగా విస్తరించాయి. డేవిడ్ సూషే ధారావాహికలో వాటిలో చాలా వాటిని 1930ల్లోనే సర్దేశారు. శరదిందు బాబు కాలాన్ని ఆపలేదు. ‘ఆదిమ్ రిపు’ నవలలో 1946 నాటి కలకత్తా అల్లర్లు తలుపు బయటే ఉంటాయి. 1984లో భివండీని చూసిన వాళ్ళం ఆ పేజీలు కథగా చదవలేం.

2015లో దిబాకర్ బెనర్జీ యుద్ధకాలపు కలకత్తాను ఎంతో ఖర్చు పెట్టి మళ్ళీ కట్టి బ్యోంకేశ్ సినిమా తీశారు. కంటికి బాగుంది. నాకు మాత్రం ఆ ఊరే కథానాయకుడై, బ్యోంకేశ్ అద్దెకున్నట్టు అనిపించింది.

నాయన 2011లో పోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే దూరదర్శన్ వారు ‘బ్యోంకేశ్ బక్షీ’ మళ్ళీ వేశారు. అప్పటికి మేము ఫ్లాటులోకి మారాం గాని, కింద గల్లీ నిండా సాంచెలే. అవన్నీ ఆగిపోయాయి. కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని నాసిక్ రోడ్డు పట్టారు. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగను. ఆ నిశ్శబ్దంలో మా అమ్మాయితో కూర్చుని చూస్తుంటే సైకిల్ గంట వినబడింది. 27 ఏళ్ళకు మొదటిసారి. ఆ జూన్ 4న బాసూ గారు కూడా వెళ్ళిపోయారు.

“మన భాషలో ఇలాంటివి లేవా?” అని మా అమ్మాయి అడిగింది. 1986లో మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవలను జంధ్యాల గారు ‘చంటబ్బాయ్’గా తీసి నవ్వించిన సంగతి చెప్పాను. యుగంధర్ సంగతి చెప్పాను. చదువుతానంది. కానీ తనకు తెలుగు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవాలి. తప్పు నాదే. వేల రూపాయల ఫీజు కట్టి ఇంగ్లీషు మీడియంలో వేసినవాణ్ణి, రోజుకు పది నిమిషాలు పలక పట్టించలేకపోయాను.

నాయన ట్రంకు పెట్టె తీశాం. ముప్పై పైచిలుకు నవలలు, అట్టలు ఊడి, దారాలతో కుట్టి ఉన్నాయి. నేను చదువుతుంటే అమ్మాయి దేవనాగరి లిపిలో తెలుగు సంభాషణలు రాసుకుంటోంది. అందులో ఒకదాన్ని మన సంఘం వార్షికోత్సవానికి నలభై నిమిషాల నాటికగా మార్చాలని పిల్లలందరూ నిశ్చయించుకున్నారు. కాలం మార్చరట. 1950ల మద్రాసు అలాగే ఉంచుతారట. సెల్‌ఫోను పెడితే రెండో రంగంలోనే హంతకుడు దొరికిపోతాడని మా అమ్మాయి వాదన. నిజమే. ఆ రోజుల్లో కబురు అందడానికి పట్టే ఆలస్యం మీదే సగం కథ నడుస్తుంది. అనుమతి కోసం పుస్తకం ప్రచురించినవారికి ఉత్తరం రాశాం. నవల పేరు ఇక్కడ చెప్పను, చెబితే పెద్దవాళ్ళు ముందే ముగింపు చెప్పేస్తారు.

ఆ ముగింపే మా దగ్గర లేదు! చివరి పదహారు పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి. నా చిన్నప్పుడు కూడా లేవు. నాయన ప్రతిసారీ ఒక కొత్త హంతకుణ్ణి చెప్పేవాడు. ఒకసారి డాక్టరు, ఒకసారి వంటమనిషి, ఒకసారి సాక్షాత్తూ ఇన్‌స్పెక్టరే. మూడూ అమ్మాయికి చెప్పాను. వంటమనిషి అయితే సాక్ష్యాలు కలవడం లేదని నోట్‌బుక్‌లో కొట్టేసింది. మిగిలిన ఇద్దరి మీద మా ఇంట్లో ఇప్పుడు రోజూ విచారణే.

పిల్లలకు కావలసిన సామాను: నల్ల టెలిఫోను ఒకటి, చేతికర్ర ఒకటి, తోలు సూట్‌కేసు, మోగే సైకిల్ గంట. ఎవరింట్లో ఉన్నా సంఘం కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోగలరు. రసీదు నేనే రాస్తాను.