పిల్లుల్లో వెన్నుపూసల డిస్క్ సమస్య: చికిత్స

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ చిట్లి వెన్నుపామును నొక్కితే, పిల్లికి నడుము నొప్పి, తూలుడు, పక్షవాతం వస్తాయి. కుక్కలతో పోలిస్తే పిల్లుల్లో ఇది అరుదు.

రాయికోడ్‌లో మీ పిల్లి హఠాత్తుగా వెనుక కాళ్ళు ఈడుస్తోందనుకోండి. కాళ్ళు చల్లబడి ఉంటే కారణం రక్తపు గడ్డ కావచ్చు. ఏదైనా, అట్టపెట్టెలో కదలకుండా పడుకోబెట్టి వెంటనే పశువైద్యునికి చూపించండి. పారాసిటమాల్ ఇవ్వకండి, అది పిల్లికి ప్రాణాంతకం.

నడవగలిగే పిల్లికి సాధారణంగా 4-6 వారాల బోను విశ్రాంతి, నొప్పి మందులు ఇస్తారు. నడవలేకపోతే స్కాన్ తీసి, శస్త్రచికిత్సతో వెన్నుపాముపై ఒత్తిడి తొలగిస్తారు. కాలివేలు గట్టిగా నొక్కినప్పుడు పిల్లి అరిచినా, తల తిప్పి చూసినా కోలుకుంటుందని ఆశించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: వేలు నొక్కినప్పుడు కాలు వెనక్కి లాక్కోవడం మాత్రమే నొప్పి తెలిసినట్లు కాదు. ఎందుకు?
జవాబు: అది వెన్నుపాము స్థాయిలోనే జరిగే ప్రతీకార చర్య, నొప్పి తెలియాలంటే సంకేతం మెదడుకు చేరాలి.